ఎత్తు మౌంట్ల మీద పెట్టిన స్కోప్: ఎయిర్ రైఫిల్‌ని జీరో చేయడం మొదటి నుంచి చివరి దాకా

మా బావమరిది పోయిన ఏడాది తన ఎయిర్ రైఫిల్‌కి పెద్ద స్కోప్ కొన్నాడు, ముందు అద్దం 50 మి.మీ. ఉన్నది. పాత మౌంట్ల (స్కోప్‌ని రైఫిల్‌కి పట్టి ఉంచే బిగింపులు) మీద పెడితే ఆ అద్దం బ్యారెల్‌కి తగులుతోందని ఎత్తు మౌంట్లు తెప్పించాడు. ఇంటి వెనక పది మీటర్ల దగ్గర కూర్చుని ఓపిగ్గా స్కోప్ మీది మరల క్లిక్కులు తిప్పి, అయిదు పెల్లెట్లూ ఒకే చిల్లులో పడేలా చేసుకుని, ఆదివారం తోటకి వచ్చాడు. తోటలో పాతిక మీటర్ల దగ్గర అన్నీ రెండు వేళ్ళ వెడల్పు పైకి పోతున్నాయి. స్కోప్ పాడైందని, వాపసు పంపేస్తానని అన్నాడు. స్కోప్ పాడవలేదు. పాత తక్కువ మౌంట్లతో కూడా అతను పది మీటర్ల దగ్గరే జీరో చేసేవాడు (అంటే గురి పెట్టిన చోటే పెల్లెట్ పడేలా స్కోప్‌ని సర్దేవాడు), అప్పుడు తేడా అర సెంటీమీటరు పైచిలుకే కాబట్టి కంటికి ఆనలేదు, అంతే.

ఈ వ్యాసం ఆ తేడా గురించే. స్కోప్ ఎత్తుగా ఉండటం తప్పు కాదు. దాన్ని కొలవకుండా జీరో చేయడమే తప్పు.

నేను ఇక్కడ మాట్లాడేది .177 (4.5 మి.మీ. రంధ్రం) ఎయిర్ రైఫిల్ గురించి, అంటే మన దగ్గర 20 జౌళ్ళ శక్తి లోపు ఉంటే లైసెన్స్ లేకుండా కొనుక్కునేది. లెక్కలన్నీ 8.4 గ్రెయిన్ల (అర గ్రాము పైచిలుకు) గుండ్రని తల పెల్లెట్ సెకనుకి 200 మీటర్ల వేగంతో బయలుదేరుతోందని అనుకుని వేశాను, అది దాదాపు 11 జౌళ్ళు. మీ రైఫిల్ వేగం వేరైతే అంకెలు కొంచెం అటూ ఇటూ అవుతాయి, పద్ధతి మాత్రం మారదు.

ముందు అసలు ఏం జరుగుతోందో

మీ కంటి చూపు స్కోప్ మధ్య నుంచి తిన్నగా వెళ్తుంది. పెల్లెట్ దాని కింద ఉన్న బ్యారెల్ నుంచి బయలుదేరుతుంది, బయలుదేరిన క్షణం నుంచే కిందికి పడటం మొదలుపెడుతుంది. ఈ రెండూ కలవాలంటే బ్యారెల్ చూపు గీత వైపు కాస్త పైకి వాలి ఉండాలి, స్కోప్ క్లిక్కులు తిప్పినప్పుడు మీరు చేస్తున్నది ఆ వాలుని మార్చడమే. కాబట్టి పెల్లెట్ కింది నుంచి వచ్చి చూపు గీతని ఒకసారి దాటి పైకి వెళ్తుంది, మళ్ళీ దిగుతూ రెండోసారి దాటుతుంది. మొదటిది దగ్గరి జీరో, రెండోది దూరపు జీరో.

స్కోప్ ఎంత ఎత్తుగా ఉంటే పెల్లెట్ అంత కింది నుంచి ఎక్కి రావాలి. ఇదొక్కటి బుర్రకి ఎక్కితే మిగతాదంతా సులువు.

హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో స్కోపే ఉండదు, పీప్ సైట్‌తో, అంటే చిన్న రంధ్రంలోంచి గురి చూసి కాలుస్తారు. దూరం ఎప్పుడూ పది మీటర్లే కాబట్టి వాళ్ళకి సైట్ ఎంత ఎత్తులో ఉన్నా ఒకసారి జీరో చేసుకుంటే అయిపోతుంది. మనం పది దగ్గరా ఇరవై దగ్గరా ముప్పై దగ్గరా డబ్బాల మీద, లోహపు బొమ్మల మీద కాల్చేవాళ్ళం. దూరం మారినప్పుడే ఎత్తు బయటపడుతుంది.

ఎత్తు కొలవండి, ఊహించకండి

కావాల్సింది బ్యారెల్ రంధ్రం మధ్య నుంచి స్కోప్ గొట్టం మధ్యకి ఉన్న దూరం. పెట్టె మీద రాసి ఉండే మౌంట్ ఎత్తు ఇది కాదు, ఆ అంకె మౌంట్ అడుగు నుంచి లెక్క, పైగా ఒక్కో కంపెనీ ఒక్కోలా కొలుస్తుంది.

రైఫిల్ ఖాళీగా ఉందని చూసుకున్నాక వెర్నియర్ కాలిపర్ తీసుకోండి. చాలా బ్రేక్ బ్యారెల్ రైఫిళ్ళ (బ్యారెల్‌ని వంచి పెల్లెట్ పెట్టేవి) మీద స్కోప్ ముందు బెల్, అంటే ముందు అద్దం ఉండే వెడల్పు భాగం, బ్యారెల్ మొదలు మీదికి వచ్చి ఉంటుంది. అక్కడ బెల్ పై అంచు నుంచి బ్యారెల్ కింది అంచు దాకా కొలవండి. అందులోంచి బెల్ వ్యాసంలో సగం, బ్యారెల్ వ్యాసంలో సగం తీసేయండి. ఉదాహరణకి మొత్తం 91.5 మి.మీ. వచ్చింది, బెల్ బయటి వ్యాసం 48, బ్యారెల్ 15 అనుకోండి: 91.5లోంచి 24, 7.5 తీసేస్తే 60 మి.మీ. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా వస్తే పర్వాలేదు, పది వస్తే కుదరదు.

మామూలు తక్కువ మౌంట్లతో ఇది దాదాపు 40 దగ్గర ఉంటుంది. ఎత్తు మౌంట్లతో 55 నుంచి 65 దాకా వెళ్తుంది. పెద్ద అద్దం వల్లే కాదు, పీసీపీ (ముందే నింపిన గాలితో కాల్చే) రైఫిళ్ళలో గుండ్రటి మ్యాగజైన్ పైకి పొడుచుకుని ఉంటుంది కాబట్టి చాలామందికి ఎత్తు మౌంట్లు తప్పవు కూడా.

మౌంట్లు బిగించడం

ఎయిర్ రైఫిళ్ళ మీద మామూలుగా ఉండేది 11 మి.మీ. డవ్‌టెయిల్ గాడి. స్ప్రింగర్ అయితే ఒక మాట గట్టిగా చెప్పాలి: స్ప్రింగ్ రైఫిల్ దెబ్బ వెనక్కీ ముందుకీ రెండు వైపులా కొడుతుంది. పెద్ద తుపాకీ దెబ్బని తట్టుకునే ఖరీదైన స్కోపులు కూడా దీని మీద పాడైపోవచ్చు, అందుకని ఎయిర్ గన్‌కి పనికొస్తుందని రాసి ఉన్న స్కోప్ మాత్రమే పెట్టండి. అదే దెబ్బకి మౌంట్లు గాడి మీద మెల్లగా వెనక్కి జారతాయి. ఎత్తు మౌంట్ అయితే స్కోప్ బరువు గాడికి దూరంగా ఉంటుంది కాబట్టి ఆ కుదుపు ఇంకా గట్టిగా తగులుతుంది. స్టాప్ పిన్ (జారకుండా ఆపే చిన్న మేకు) ఉన్న ఒకే ముక్క మౌంట్ కొనడం మంచిది. రెండు ముక్కలవి ఇప్పటికే ఉంటే వెనక మౌంట్ వెనకాల స్టాప్ బ్లాక్ పెట్టండి. బిగించాక మౌంట్ అంచు దగ్గర గాడి మీద మార్కర్‌తో సన్నగా ఒక గీత గీయండి. రేపు జీరో కదిలినప్పుడు ముందు చూసేది ఆ గీతనే.

రింగుల పైస్క్రూలు ఒకటి పూర్తిగా బిగించి తర్వాత రెండోది కాకుండా, ఎదురెదురుగా కొంచెం కొంచెం తిప్పుతూ రండి, రెండు వైపులా సందు సమానంగా మిగలాలి. చిన్న అలెన్ కీని రెండు వేళ్ళతో పట్టుకుని ఎంత బిగిస్తే అంత చాలు. బలం కొద్దీ తిప్పితే గొట్టం నొక్కుకుపోతుంది.

రెటికల్ నిటారుగా ఉందా

ఎత్తు స్కోప్‌తో ఇక్కడ తప్పు చేస్తే నష్టం ఎక్కువ. పది మీటర్ల దూరంలో ఉన్న గోడ మీద, దారానికి బరువు కట్టి వేలాడదీయండి. రైఫిల్ గాడి మీద చిన్న రసమట్టం పెట్టి రైఫిల్‌ని మట్టంగా నిలబెట్టండి, స్కోప్‌లోంచి చూస్తూ రెటికల్ (లోపల కనిపించే క్రాస్ గీతలు) నిలువు గీత దారం మీద సరిగ్గా కూర్చునేదాకా గొట్టాన్ని రింగుల్లో తిప్పండి, తర్వాత బిగించండి.

ఇది చేయకుండా, భుజానికి పెట్టుకుని కంటికి నిటారుగా అనిపించినట్టు బిగిస్తే ఏమవుతుందో చూడండి. అయిదు డిగ్రీలు ఒరిగిందనుకుందాం. 60 మి.మీ. ఎత్తులో ఉన్న స్కోప్, బ్యారెల్‌కి నేరుగా పైన కాకుండా 5 మి.మీ. పక్కకి ఉన్నట్టే. పాతిక మీటర్ల దగ్గర జీరో చేస్తే అక్కడ సరిగ్గానే పడుతుంది, పది మీటర్ల దగ్గర 3 మి.మీ. ఒక పక్కకి, 35 దగ్గర 2 మి.మీ. రెండో పక్కకి పోతుంది. గాలి అనుకుని, ట్రిగ్గర్ తప్పు లాగాననుకుని నెలలు గడిపేస్తారు.

దీన్ని ఇంకో విషయంతో కలిపేయకండి. రెటికల్ సరిగ్గా ఉండి, కాల్చేటప్పుడు రైఫిల్ మొత్తాన్ని ఒరగేస్తే వచ్చే తప్పు వేరు. ఎత్తు స్కోప్‌తో అది ఘోరంగా పెరుగుతుందని చాలామంది అంటారు, నేనూ నమ్మాను, లెక్క వేశాక నమ్మకం పోయింది. జీరో దూరంలో ఆ తప్పు పెల్లెట్ ఎంత కిందికి పడుతుందన్న దాని మీదే ఆధారపడుతుంది, స్కోప్ ఎత్తుతో సంబంధం లేదు: పాతిక మీటర్ల దగ్గర అయిదు డిగ్రీలకి దాదాపు 7 మి.మీ., స్కోప్ 40లో ఉన్నా 60లో ఉన్నా అంతే. కానీ ఆ 7 మి.మీ. చిన్నదేం కాదు, అందుకే స్కోప్ మీద చిన్న రసమట్టం బిగించుకోండి.

దవడ ఆనే చోటు

స్కోప్ ఎత్తు పెరిగితే చెంప బట్ మీద ఆనదు, గడ్డం ఆనుతుంది, లేదా తల గాల్లో ఉంటుంది. తల ప్రతిసారీ ఒకే చోట లేకపోతే పారలాక్స్ (కన్ను కదిలితే క్రాస్ టార్గెట్ మీద జరిగినట్టు కనిపించడం) వల్ల పెల్లెట్లు చెదురుతాయి. పాత యోగా మ్యాట్ ముక్క కత్తిరించి బట్ మీద రెండు మూడు పొరలు వేసి క్రేప్ బ్యాండేజీతో చుట్టండి. కళ్ళు మూసుకుని చెంప ఆనించి, కళ్ళు తెరిస్తే స్కోప్‌లో బొమ్మ నిండుగా, చుట్టూ నల్లని నీడ లేకుండా కనిపించాలి. అలా కనిపించేదాకా పొరలు మార్చండి. జీరో చేయడానికి ముందే ఈ పని అయిపోవాలి, తర్వాత పొర మారిస్తే జీరో కూడా మారొచ్చు.

పారలాక్స్ సర్దుబాటు ఉన్న స్కోప్ అయితే దాన్ని టార్గెట్ దూరానికి పెట్టి, రైఫిల్ కదపకుండా తల మాత్రం కొంచెం పైకీ కిందికీ ఊపి చూడండి. క్రాస్ టార్గెట్ మీద జారకుండా నిలబడితే సరిపోయినట్టు. తిప్పే చక్రం మీద రాసిన అంకెల కంటే ఈ పరీక్షనే నమ్మండి. వంద గజాలకి స్థిరంగా పెట్టేసిన స్కోప్‌తో పది మీటర్ల దగ్గర బొమ్మ మసకగా ఉంటుంది, దానికి చేసేదేం లేదు.

కాల్చే చోటు

మట్టి గట్టు ఉన్న చోటు వెతుక్కోండి. మేడ మీద నుంచి వద్దు. తప్పిన పెల్లెట్ వంద మీటర్లు దాటి కూడా వెళ్తుంది. గట్టి ఇనుప రేకు, రాయి, సిమెంట్ గోడ మీద పెల్లెట్ ఎగిరి వెనక్కి వస్తుంది, అందుకని టార్గెట్ వెనక పాత గుడ్డలు కుక్కిన చెక్క పెట్టె పెట్టండి, కళ్ళద్దాలు పెట్టుకోండి, పిల్లలూ కుక్కలూ వెనకాలే ఉండాలి. బ్రేక్ బ్యారెల్‌లో పెల్లెట్ పెట్టేటప్పుడు బ్యారెల్‌ని చేత్తో పట్టుకునే ఉండండి. కాల్చాక చేతులు సబ్బుతో కడగండి, పెల్లెట్లు సీసం. పిట్టల మీద కాల్చకండి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది, అది లేకపోయినా కాల్చకండి.

పొద్దున్నే ఆరు, ఏడు మధ్య గాలి తక్కువ ఉంటుంది. అప్పుడే చేయండి.

పట్టుకునే తీరు

స్ప్రింగర్‌ని ఇటుక మీదో బల్ల అంచు మీదో ఆనించి కాలిస్తే పెల్లెట్ ఎక్కడికో పోతుంది, ఎందుకంటే పెల్లెట్ బ్యారెల్లో ఉండగానే రైఫిల్ కదులుతుంది, ఆ కదలిక ప్రతిసారీ ఒకేలా ఉండాలి. ఎడమ అరచేయి తెరిచి, దాని మీద రైఫిల్ ముందు భాగాన్ని వదులుగా కూర్చోబెట్టి, ఆ చేతి కింద ఇసుక సంచో మడిచిన దుప్పటో పెట్టండి. గట్టిగా పిడికిలి బిగించకండి. పీసీపీకి ఇంత పట్టింపు లేదు, ఇసుక సంచి మీద నేరుగా పెట్టొచ్చు.

మొదటి పది పెల్లెట్లు ఊరికే కాల్చండి, లెక్కలోకి తీసుకోకండి.

పది మీటర్ల దగ్గర మొదలు, కానీ మధ్యలో పడేలా కాదు

ముందు స్కోప్ టరెట్లని (గురిని పైకీ కిందికీ, పక్కలకీ జరిపే రెండు మరలు) మధ్యకి తేవాలి. ఒక చివర నుంచి రెండో చివరకి ఎన్ని క్లిక్కులో లెక్కపెట్టి సగానికి వెనక్కి రండి. రెండు టరెట్లకీ ఇదే.

టేపుతో కొలిచి పది మీటర్ల దగ్గర పెద్ద తెల్లకాగితం పెట్టండి, మధ్యలో చిన్న చుక్క. దాని కింద 15 మి.మీ. దూరంలో ఇంకో చుక్క వేయండి. గురి పై చుక్క మీద, పెల్లెట్లు పడాల్సింది కింది చుక్క మీద.

ఎందుకంటే 60 మి.మీ. ఎత్తు స్కోప్‌ని 25 మీటర్లకి జీరో చేస్తే పది దగ్గర పెల్లెట్ 14.5 మి.మీ. కిందే పడాలి. అదే 40 మి.మీ. ఎత్తు అయితే 2.5 మాత్రమే. మా బావమరిది చేసినట్టు పది దగ్గర మధ్యలో పడేలా చేస్తే, 60 ఎత్తుతో పాతిక దగ్గర 36 మి.మీ. పైకి పోతుంది, 40 ఎత్తుతో 6 మి.మీ. పైకి. రెండు వేళ్ళ లెక్క అక్కడి నుంచే వచ్చింది.

అయిదు పెల్లెట్లు కాల్చి, వాటి గుంపు మధ్య ఎక్కడుందో చూడండి. ఒక్క పెల్లెట్ చూసి క్లిక్ తిప్పకండి. చాలా స్కోపుల్లో ఒక క్లిక్ అంటే పావు ఎంఓఏ (ఎంఓఏ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు కోణం): పది మీటర్ల దగ్గర 0.7 మి.మీ., పాతిక దగ్గర 1.8. గుంపు కావాల్సిన చోటు కంటే 15 మి.మీ. కిందుంటే పైకి 20 క్లిక్కులు. టరెట్ మీది బాణం పెల్లెట్ ఎటు కదలాలో చూపిస్తుంది, క్రాస్ ఎటు కదులుతుందో కాదు.

పైకి తిప్పీ తిప్పీ టరెట్ చివరికి వచ్చేసినా ఇంకా కిందే పడుతోందా? బ్రేక్ బ్యారెల్ రైఫిళ్ళలో ఇది మామూలే, బ్యారెల్ కొంచెం కిందికి వాలి ఉంటుంది. ఎత్తు స్కోప్ దీన్ని ఇంకొంచెం పెంచుతుంది. టరెట్‌ని చివర్లో వదిలేయకండి, అక్కడ లోపలి స్ప్రింగ్ వదులై జీరో నిలబడదు. వెనక రింగ్ అడుగున పాత కెమెరా ఫిల్మ్ ముక్క ఒకటి, మహా అయితే రెండు పెట్టండి. అంతకు మించి కావాలంటే వాలు సరిచేసే మౌంట్ కొనండి, లేకపోతే గొట్టం వంగుతుంది.

పాతిక మీటర్ల దగ్గర అసలు జీరో

ఇప్పుడు 25 కొలిచి అక్కడికి వెళ్ళండి. గురి చుక్క మీద, పెల్లెట్లూ చుక్క మీదే. అయిదు కాల్చి, గుంపు మధ్య చూసి, క్లిక్కులు తిప్పండి: 11 మి.మీ. కుడికి ఉంటే ఎడమకి 6, 7 మి.మీ. పైన ఉంటే కిందికి 4. తిప్పాక టరెట్ మూతని వేలితో మెల్లగా రెండు సార్లు తట్టి, రెండు పెల్లెట్లు వృథాగా కాల్చండి, చవక స్కోపుల్లో లోపలి గొట్టం కుదురుకోవడానికి ఆ మాత్రం పడుతుంది. మళ్ళీ అయిదు. గుంపు చుక్క మీద వరసగా రెండు సార్లు వచ్చేదాకా జీరో అయిందనకండి.

పాతికే ఎందుకంటే ఈ ఎత్తుకీ ఈ వేగానికీ అది బాగా కుదిరే దూరం. దగ్గరి జీరో 16 మీటర్ల దగ్గర పడుతుంది, మధ్యలో ఎక్కడా 3 మి.మీ. కంటే పైకి లేవదు. 14 నుంచి 27 మీటర్ల దాకా ఎక్కడ కాల్చినా 4 మి.మీ. తేడాలోనే ఉంటుంది, అంటే క్రాస్‌ని నేరుగా పెట్టి కాల్చేయొచ్చు.

మిగతా దూరాలు కాల్చి చూడండి

60 మి.మీ. ఎత్తు, 25 జీరోకి నా లెక్క ఇలా వచ్చింది:

5 మీటర్లు: 34 మి.మీ. కింద
10 మీటర్లు: 14.5 కింద
15 మీటర్లు: 2 కింద
20 మీటర్లు: 3 పైన
25 మీటర్లు: 0
30 మీటర్లు: 11 కింద
35 మీటర్లు: 32 కింద

40 మి.మీ. ఎత్తు స్కోప్ అయితే 5 దగ్గర 18 కింద, 20 దగ్గర 7 పైన, 30 దగ్గర 15 కింద, 35 దగ్గర 40 కింద. ఈ రెండు వరసలు పక్కపక్కన పెట్టి చూడండి. ఎత్తు స్కోప్ దగ్గర్లో ఎక్కువ తీసుకుంటుంది, దూరంలో కొంచెం తిరిగి ఇస్తుంది. మీరు ఎప్పుడూ పది లోపే కాలుస్తుంటే తక్కువ మౌంట్లకి వెళ్ళిపోండి, ఇరవై నుంచి ముప్పై అయిదు అయితే ఎత్తు మౌంట్ల గురించి బాధపడాల్సిన పని లేదు.

ఇప్పుడు మీ రైఫిల్‌తో ప్రతి దూరంలోనూ అయిదేసి కాల్చి, ఎంత కింద పడిందో రాసుకోండి. దగ్గర్లో నా అంకెతో సరిపోయి దూరంలో ఎక్కువ కిందకి పోతుంటే మీ పెల్లెట్ వేగం తక్కువ. దగ్గర్లోనే తేడా ఉంటే ఎత్తు మళ్ళీ కొలవండి. దగ్గర్లో ఒక పక్కకీ దూరంలో ఇంకో పక్కకీ పోతుంటే పైన చెప్పిన ఒరిగిన స్కోప్ అదే, దారం దగ్గరికి మళ్ళీ వెళ్ళాలి.

మిల్ డాట్ రెటికల్ (క్రాస్ గీతల మీద ఒక్కో మిల్ దూరంలో చుక్కలున్నది) ఉంటే వీటిని చుక్కల్లోకి మార్చుకోండి. పది మీటర్ల దగ్గర ఒక మిల్ అంటే 10 మి.మీ., అంటే 14.5 కిందంటే క్రాస్ కింద ఒకటిన్నర చుక్కతో గురి పెట్టాలి. 35 దగ్గర 32 మి.మీ. అంటే ఒక చుక్క కూడా కాదు, 0.9. అయిదు మీటర్ల దగ్గరైతే దాదాపు ఏడు చుక్కలు, చాలా స్కోపుల్లో అన్ని ఉండవు కూడా. దగ్గర్లో ఉన్నదానికే ఎక్కువ పైకి గురి పెట్టాలన్నది మొదట్లో మనసుకి ఎక్కదు, కాల్చి చూస్తే ఎక్కుతుంది. చాలా జూమ్ స్కోపుల్లో ఈ చుక్కల లెక్క ఒక్క జూమ్ దగ్గరే సరిపోతుంది, అది ఎంతో స్కోప్‌తో వచ్చిన కాగితంలో ఉంటుంది, దాని మీదే పెట్టి కాల్చండి.

పెల్లెట్ డబ్బా మారిస్తే జీరో మళ్ళీ చూడాలి. అదే బరువు, అదే కంపెనీ అయినా తల కొలత 4.50 నుంచి 4.52కి మారితే గుంపు కదలొచ్చు. అందుకే నచ్చిన పెల్లెట్ దొరికితే ఒకేసారి నాలుగైదు డబ్బాలు తీసుకుంటాను.

చివరగా వచ్చిన అంకెలన్నీ చిన్న తెల్ల స్టిక్కర్ మీద పెన్సిల్‌తో రాసి స్కోప్ మూత లోపల అంటించండి: పెల్లెట్ పేరు, ఎత్తు, జీరో దూరం, ఒక్కో దూరానికి ఎన్ని చుక్కలు. టరెట్లు సున్నా దగ్గర సెట్ చేసి, మూతలు బిగించి, గాడి మీద మార్కర్ గీత ఇంకా మౌంట్ అంచు దగ్గరే ఉందో లేదో చూడండి. జరిగి ఉంటే స్టాప్ సర్ది మళ్ళీ బిగించి, పాతిక దగ్గర ఇంకో అయిదు కాల్చండి.